పద్యంలో, బొమ్మలో పువ్వు ప్రతీకా, అలంకారమా? తేల్చుకునే పద్ధతి కావాలి

రేకులు_రంగులు:

అందరికీ నమస్కారం. సాహిత్యంలో, చిత్రకళలో పువ్వులు ప్రతీకలుగా ఎలా పనిచేస్తాయన్న దాని మీద ఒక పెద్ద వ్యాసం, దానికి తోడు ఆరు బొమ్మలు సిద్ధం చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాలన్నీ ఒకే మూసలో ఉన్నాయి: గులాబీ అంటే ప్రేమ, లిల్లీ అంటే పవిత్రత, తామర అంటే జ్ఞానం, పాపీ అంటే నిద్ర. వీటిని పట్టుకుని అసలు పద్యం దగ్గరికో చిత్రం దగ్గరికో వెళ్తే సగం చోట్ల పొసగడం లేదు. సుమతీ శతకంలో తామర జ్ఞానం కాదు, ఎండకు కమిలిపోయే పువ్వు. కార్నేషన్ ఒక చిత్రంలో పెళ్లి నిశ్చయానికి గుర్తని, మరో చిత్రంలో శిలువ మేకులకు గుర్తని రాస్తున్నారు.

తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. ఒక పువ్వు ప్రతీకగా వచ్చిందో, ఊరికే అందం కోసం వచ్చిందో ఎలా చెప్పాలి? ఒకే పువ్వుకు ఎదురెదురు అర్థాలు ఉంటే దేన్ని తీసుకోవాలి? బొమ్మలు వేసేటప్పుడు ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతుంటాయి?

పద్యపాదం:

మీ మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే. అర్థం పువ్వు జాతిలో ఉండదు, ఆ పువ్వు ఉన్న స్థితిలో ఉంటుంది. జాబితాలు జాతిని మాత్రమే చెబుతాయి కాబట్టే పొసగడం లేదు. పద్యంలో మీరు చూడాల్సింది పువ్వు ఏ దశలో ఉంది (మొగ్గా, విరిసిందా, వాడిందా, రాలిందా), ఎక్కడ ఉంది (కొమ్మకా, నీటిలోనా, కొప్పులోనా, నేల మీదా), ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతోంది, దాని పక్కన ఏముంది అన్నవి.

మీరు చెప్పిన సుమతీ పద్యమే తీసుకుందాం. నీటిలో ఉన్నంతసేపూ తామరను విప్పార్చే సూర్యుడే, నీటిని వదిలాక దాన్ని కమిలిపోయేలా చేస్తాడు. పువ్వు అదే, సూర్యుడూ అతడే. మారింది చోటు ఒక్కటే. కాబట్టి ఆ పద్యంలో తామర అంటే నెలవు తప్పిన మనిషి. బురదలో పుట్టినా మరక అంటకపోవడమనే గుణంతో అక్కడ కవికి పనిలేదు, దాని జోలికే పోలేదు. ఒక పువ్వుకు పది గుణాలుంటే కవి ఆ పద్యానికి కావలసిన ఒకటో రెండో తీసుకుంటాడు. ఏది తీసుకున్నాడో బయటపెట్టేది క్రియాపదం. కమిలింది అన్నాడా, విరిసింది అన్నాడా, అంటకుండా ఉంది అన్నాడా చూడండి. విశేషణాలు అలవాటుగా వచ్చి పడతాయి, క్రియలు అలా రావు. అందుకే ముందు క్రియ కింద గీత గీసుకోండి.

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి ఉదాహరణ కుటజం. కాళిదాసు మేఘదూతం మొదట్లోనే యక్షుడు అప్పుడే పూసిన కుటజ పుష్పాలతో మేఘానికి అర్ఘ్యం ఇస్తాడు. వానల వేళకు కొండల్లో పూసే పువ్వు అది. మేఘానికి స్వాగతం చెప్పడానికి అంతకంటే తగినది లేదు, కొండ మీద ఒంటరిగా ఉన్నవాడి చేతికి అందేదీ అదే. ఇక పోతన భాగవతంలో ప్రహ్లాదుడి నోట వచ్చే "మందార మకరంద" పద్యం చూడండి. లేత మావిచిగుళ్లు తిని పరవశించే కోయిల కుటజాల దగ్గరికి పోతుందా అని అడుగుతాడు. ఆ చెట్టూ కుటజమే, ఈ చెట్టూ కుటజమే. మేఘానికి ఎదురుగా పెడితే అది మర్యాద, మామిడి పక్కన పెడితే అది తక్కువ రకం. ఎదురెదురు అర్థాలు కనబడినప్పుడు ఏది సరైనదని తేల్చే పని పెట్టుకోకండి. ఎవరి పక్కన ఏ అర్థం వచ్చిందో రాసుకోండి, వ్యాసానికి అదే ముడిసరుకు.

ఇక అలంకారమా ప్రతీకా అన్నదానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది తీసివేత. ఆ పువ్వును తీసేసి చదవండి. వర్ణన కాస్త పలచబడి ఊరుకుంటే అది అలంకారం. సంఘటన కుంటుపడితే అది ప్రతీకో, కనీసం కథను నడిపే వస్తువో అవుతుంది. రెండోది మార్పిడి. దాని స్థానంలో మరో పువ్వును పెట్టి చూడండి. నంది తిమ్మన పారిజాతాపహరణంలో నారదుడు ఒకే ఒక్క పారిజాత పుష్పం తెచ్చి కృష్ణుడికి ఇస్తాడు. కృష్ణుడు దాన్ని దగ్గరే ఉన్న రుక్మిణికి ఇస్తాడు. ఆ కబురు చెలికత్తె నోట సత్యభామకు చేరుతుంది. పువ్వు తీసేస్తే కథే లేదు. మరో దేవలోకపు పువ్వును పెట్టినా కథ నడుస్తుంది. కానీ నారదుడు రెండు పువ్వులు తెచ్చాడని మార్చి చూడండి, అలక అక్కడే ఆగిపోతుంది. అంటే బరువంతా మోస్తున్నది పారిజాతం పరిమళం కాదు, అది ఒక్కటే కావడం. దాన్ని ప్రేమకు గుర్తు అని రాస్తే తేలిపోతుంది. ఇద్దరు రాణుల మధ్య స్థానానికి కొలత అని రాయండి.

గోడబొమ్మ:

చిత్రాల సంగతి. పద్యంలో క్రియ ఎలాగో, బొమ్మలో లెక్క అలాగ. ముఖ్యంగా 15వ శతాబ్దపు ఐరోపా మతచిత్రాల్లో పువ్వులను లెక్కపెట్టకుండా వాటి గురించి రాయకూడదు.

హ్యూగో వాన్ డెర్ గూస్ సుమారు 1475లో వేసిన పోర్టినారి చిత్రం ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. చర్చిలో బలిపీఠం మీద నిలిపే మూడు పలకల చిత్రం అది. మధ్య పలకలో క్రీస్తు పుట్టిన దృశ్యం. అందులో అన్నిటికంటే కింద, చూసేవాళ్లకు అతి దగ్గరగా రెండు పాత్రలుంటాయి. ఒకటి మందులు దాచుకునే పింగాణీ జాడీ. అందులో నారింజ రంగు లిల్లీ, తెల్లవి, ఊదావి ఐరిస్ పూలు. రెండోది నీళ్లున్న గాజుగ్లాసు. అందులో నీలి కొలంబైన్‌లు, ఎర్ర కార్నేషన్‌లు. కొలంబైన్‌లు ఏడు, మరియ అనుభవించిన ఏడు దుఃఖాలకు. కార్నేషన్‌లు మూడు, శిలువకు కొట్టిన మూడు మేకులకు. నేల మీద చెదిరి పడిన వయొలెట్లు వినయానికి గుర్తు. వెనకే గోధుమ పన ఒకటి పడి ఉంటుంది, అది ప్రార్థనలో పంచే రొట్టెను తలపిస్తుంది. పసిబిడ్డ నేల మీద పడుకుని ఉన్నాడు, చుట్టూ అందరూ ఆ బిడ్డనే చూస్తున్నారు. రాబోయే మరణం గురించి ఏ మనిషి ముఖమూ బిగ్గరగా చెప్పదు. ఆ పని ఈ రెండు పాత్రలు చేస్తాయి.

ఇప్పుడు మీ కార్నేషన్ చిక్కు. అదే కాలపు ఉత్తర ఐరోపా చిత్తరువుల్లో ఒక యువకుడో యువతో వేళ్ల మధ్య ఒక్క కార్నేషన్ పట్టుకుని కనబడితే అది పెళ్లి నిశ్చయానికి గుర్తుగా చదువుతారు. మనిషి చేతిలో ఒకటి అయితే పెళ్లి, పసిబిడ్డ ముందు గ్లాసులో మూడు అయితే మేకులు. తర్వాతి కాలాల్లో ఎర్ర కార్నేషన్ కార్మిక ఉద్యమాలకు వెళ్లింది. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో సైనికుల తుపాకీ గొట్టాల్లో కనబడింది. ఆ అర్థాన్ని వెనక్కి మోసుకెళ్లి 15వ శతాబ్దపు చిత్తరువులో చదివితే అది తప్పు. కాలం దాటించడం ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు.

లిల్లీ విషయానికి వస్తే, దేవదూత గబ్రియేలు మరియకు కబురు చెప్పే దృశ్యాల్లో తెల్ల లిల్లీ దూత చేతిలో ఉండటం వాడుక. లియొనార్డో వేసిన చిత్రంలో అలాగే ఉంటుంది. కానీ సిమోనే మార్టినీ 1333లో సియెనా చర్చికి వేసిన దానిలో దూత చేతిలో ఆలివ్ కొమ్మ ఉంటుంది, లిల్లీలు ఇద్దరి మధ్య కుండీలోకి మారాయి. లిల్లీ ప్రత్యర్థి నగరం ఫ్లోరెన్స్‌కు చిహ్నం కావడమే దీనికి కారణమని కళాచరిత్రకారులు వివరిస్తారు. వాడుకలో ఉన్న ప్రతీక ఎక్కడైనా తన చోటు మారిందంటే, ఆ మారడమే మీరు చదవాల్సిన విషయం.

17వ శతాబ్దపు డచ్ పూల చిత్రాల గురించి ఒక హెచ్చరిక. వాటినన్నిటినీ కలిపి "జీవితం క్షణికం" అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. నేను ఒప్పుకోను. పుర్రె, ఇసుక గడియారం, ఆర్పేసిన కొవ్వొత్తి లాంటివి పక్కన ఉంటే ఆ మాట నిక్కచ్చిగా చెప్పొచ్చు. అవి లేనప్పుడు ఆగి చూడండి. చారల ట్యులిప్ ఆ కాలంలో ఎంతో ఖరీదైన వస్తువు, దాని వ్యాపారం 1637 ఫిబ్రవరిలో కుప్పకూలింది. ఆ చారలు పేనుబంక మోసుకొచ్చే వైరస్ వల్ల వచ్చేవన్నది 20వ శతాబ్దంలో గాని తేలలేదు. అలాంటి పూలను కుండీ నిండా వేయించుకున్నవాడు వైరాగ్యం కోసమే వేయించుకున్నాడని అనలేం. పైగా ఆ కుండీలు నిజంగా ఎక్కడా ఉన్నవి కావు. వసంతంలో పూసే ట్యులిప్, వేసవి గులాబీ ఒకే కుండీలో తాజాగా ఉంటాయి. చిత్రకారులు ఏ పువ్వు ఏ నెలలో పూస్తే అప్పుడు నమూనా గీసిపెట్టుకుని తర్వాత కూర్చేవారు. యాన్ వాన్ హైసుమ్ వేసిన ఒక పూల చిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని మీద 1736, 1737 అని రెండు తేదీలున్నాయి. కాలాన్ని ఓడించి అన్ని రుతువులనూ ఒకచోట నిలపడం కూడా ఒక అర్థమే. అది క్షణికత్వానికి ఎదురు అర్థం.

రేకులు_రంగులు:

చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు. షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో ఒఫీలియా పూలు పంచే ఘట్టం వ్యాసంలో తప్పక ఉండాలి. అక్కడ పాత్రే స్వయంగా అర్థాలు చెబుతోంది కదా, అలాంటప్పుడు జాబితా పనికొచ్చినట్టే కదా? రెండోది, ఏ పువ్వు పంపితే ఏ కబురో చెప్పే విక్టోరియా కాలపు "పూల భాష" పుస్తకాలను ఆధారంగా చూపొచ్చా?

తొడిమ:

ఒఫీలియా అర్థం విప్పి చెప్పేది తక్కువ పూలకే. నాలుగో అంకం ఐదో రంగంలో రోజ్‌మేరీ జ్ఞాపకానికి, ప్యాన్సీ తలపులకు అని చెబుతుంది. సదాపాకును ఆదివారాల కృపామూలిక అని కూడా అనొచ్చు అంటుంది, తనకూ కొంత ఉంచుకుంటుంది, నువ్వు దాన్ని వేరుగా ధరించాలి అంటుంది. సోపు, కొలంబైన్, డెయిజీలను పేరు చెప్పి ఇవ్వడమే, వివరణ లేదు. చివరిగా వయొలెట్లు ఇద్దామనుకున్నాను గానీ నాన్న చనిపోయినప్పుడు అవన్నీ వాడిపోయాయి అంటుంది.

ఏ పువ్వు ఎవరికి ఇచ్చిందన్నది నాటకం తొలి ముద్రణల్లో రంగసూచనగా లేదు. సోపు, కొలంబైన్ రాజుకా రాణికా అన్నది తర్వాతి సంపాదకులు, దర్శకులు నిర్ణయించినదే. "సోపు ముఖస్తుతికి గుర్తు కాబట్టి రాజుకిచ్చింది" అని మీరు రాస్తే అది ఒక ప్రదర్శన గురించి రాసినట్టు అవుతుంది గానీ మూలం గురించి కాదు. చేతిలో నిజంగా పూలున్నాయా, ఖాళీ చేతులతో పంచుతోందా అన్నది కూడా దర్శకుడు తేల్చుకోవాల్సిందే.

అన్నిటికంటే బలమైన ఆధారం బయటి జాబితా కాదు, నాటకం లోపలే ఉంది. వయొలెట్‌ను మాత్రం పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వెళ్లండి. మొదటి అంకం మూడో రంగంలో లేర్టీస్ చెల్లెలిని హెచ్చరిస్తూ హామ్లెట్ ప్రేమను వయొలెట్‌తో పోలుస్తాడు: ముందుగా పూస్తుంది, తీయగా ఉంటుంది, నిలవదు. నాలుగో అంకంలో అవి వాడిపోయాయని ఒఫీలియా చెబుతుంది. ఐదో అంకం మొదటి రంగంలో ఆమె సమాధి దగ్గర అదే లేర్టీస్, ఈమె దేహం నుంచి వయొలెట్లు మొలవాలి అంటాడు. నిలవదని అన్నవాడే మళ్లీ మొలవమని అడుగుతున్నాడు. ఒక పువ్వు ఒక రచనలో మూడుసార్లు వస్తే, ఆ మూడు చోట్లనూ పక్కపక్కన రాసుకుంటే ఏ నిఘంటువూ అక్కర్లేదు.

ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిల్లే 1851-52లో వేసిన ఒఫీలియా చిత్రాన్ని దీనికి జతచేయండి. ఆమె మెడలో వయొలెట్ల దండ ఉంది, అది ఈ గొలుసు నుంచి వచ్చిందే. నీటి మీద ఎర్ర పాపీ ఉంది, అది ఆమె మరణాన్ని వర్ణిస్తూ రాణి చెప్పే పూల వరసలో లేదు. నిద్రకూ మరణానికీ గుర్తుగా మిల్లే తనంతట తాను చేర్చింది. మూలంలో ఉన్నవి, చిత్రకారుడు చేర్చినవి అని రెండు వరసలు వేసుకోండి. ఒక కవిత మీద వచ్చిన ఏ చిత్రానికైనా ఇదే పద్ధతి, రెండో వరసలోనే చిత్రకారుడి సొంత మాట దొరుకుతుంది. ఇంకో సంగతి, ఆ నేపథ్యాన్ని మిల్లే ఇంగ్లండ్‌లో హాగ్స్‌మిల్ అనే చిన్న నది ఒడ్డున నెలల తరబడి కూర్చుని వేశాడు. అందుకే వేర్వేరు నెలల్లో పూసేవి ఒకే ఒడ్డున ఉన్నాయి. దానికి ప్రతీకార్థం అంటగట్టకండి, పని సాగిన తీరు వల్ల వచ్చింది అంతే.

పూల భాష పుస్తకాలు ఆధారమే, కానీ వాటి కాలానికి మాత్రమే. షార్లెట్ ద లాతూర్ పేరుతో ఫ్రెంచిలో వచ్చిన పుస్తకం 1819 నాటిది. కేట్ గ్రీనవే బొమ్మలతో వచ్చినది 1884 నాటిది. ఒకదానికొకటి చాలా చోట్ల పొత్తు కుదరదు. 19వ శతాబ్దపు నవలలో ఎవరైనా గుత్తి పంపితే వీటిని తెరవండి, షేక్‌స్పియర్‌కు తెరవకండి.

కవిసమయం:

పద్యపాదం గారి మార్పిడి పరీక్ష బాగుంది, కాకపోతే సంస్కృతాంధ్ర కావ్యాల్లో దానికి ముందు ఒక మెట్టు ఉంది. కవిసమయం తెలియకపోతే పరీక్ష పెట్టినా ఫలితం కనబడదు. ప్రకృతిలో ఉన్నా లేకపోయినా కవులందరూ ఒప్పుకుని వాడే నియమాలివి. తామర సూర్యుడికి విచ్చుకుంటుంది, కలువ చంద్రుడికి. నిజానికి నల్లకలువ పగలే విచ్చుకుంటుంది, తెల్లకలువల్లో రాత్రి విచ్చుకునేవి ఉన్నాయి. అయినా కావ్యంలో కలువలన్నీ చంద్రుడివే. మన్మథుడి అయిదు బాణాలు అరవిందం, అశోకం, మామిడి పువ్వు, నవమల్లిక, నీలోత్పలం. ఈ అయిదింటిలో ఏది ఒంటరిగా వచ్చినా మన్మథుడు దగ్గరలో ఉన్నాడేమో చూసుకోవాలి.

దోహదం అని మరో నియమం. అశోకం అందెలు ధరించిన స్త్రీ పాదం తాకితే పూస్తుంది, పొగడ ఆమె పుక్కిలించిన మద్యానికి, గోరంట కౌగిలింతకు, తిలకం అనే చెట్టు ఆమె చూపుకు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో మూడో అంకమంతా దీని మీదే నడుస్తుంది. రాణి కాలికి దెబ్బ తగలడంతో ఆ పని మాళవికకు అప్పగిస్తారు. కుమారసంభవం మూడో సర్గకు వచ్చేసరికి అదే కాళిదాసు నియమాన్ని పక్కకు నెడతాడు. అకాల వసంతం దిగినప్పుడు అశోకం ఏ సుందరి పాదం కోసమూ ఎదురుచూడకుండా బోదె నుంచే పూసేసింది అంటాడు. నియమం తెలిసినవాడికి ఆ తొందర ఒళ్లు జలదరింపజేస్తుంది, తెలియనివాడికి అదొక చెట్టు వర్ణన. నిజమైన అశోకం చెట్టు పాత కొమ్మల మీదా, బోదె మీదా గుత్తులుగా పూస్తుంది. అంటే కవి నియమాన్ని దాటింది కంటితో చూసిన నిజం మీద నిలబడి.

మన తెలుగులో దీనికి శిఖరం వసుచరిత్రలో నాయిక ముక్కు మీద వచ్చిన పద్యం. తుమ్మెద అన్ని పూల దగ్గరికీ పోతుంది, సంపెంగ దగ్గరికి పోదు అన్నది నియమం. భట్టుమూర్తి ఆ నియమాన్ని కథ చేశాడు. తుమ్మెద నన్నెందుకు ఒల్లదని సంపెంగ బాధపడి తపస్సు చేసింది. ఆ తపఃఫలంగా స్త్రీ ముక్కుగా పుట్టింది, అన్ని పూల సువాసనలకూ నెలవైంది, ఇరువైపులా చూపులనే తుమ్మెద బారులను నిలుపుకుంది. ఇక్కడ మార్పిడి పరీక్ష పెట్టండి, సంపెంగ బదులు మల్లెను ఉంచండి. మల్లె మీద తుమ్మెద వాలుతుంది కాబట్టి బాధ లేదు, బాధ లేక తపస్సు లేదు, పద్యమే లేదు. పారిజాతం కథకూ దీనికీ తేడా ఇదే.

పక్కనే ఉన్న తమిళ సంగ కవిత్వం ఈ దారిలో ఇంకా ముందుకు పోయింది. అక్కడ అయిదు రకాల నేలలకు పువ్వుల, చెట్ల పేర్లే పెట్టి ఒక్కోదానికి ఒక్కో ప్రేమదశను కట్టేశారు. కొండల కురింజి అంటే రహస్య కలయిక, అడవి ముల్లై అంటే ఓర్పుతో ఎదురుచూపు, పొలాల మరుదం అంటే అలక, తీరపు నెయ్దల్ అంటే బెంగ, ఎండిన పాలై అంటే ఎడబాటు. ఆ పువ్వు పేరు వచ్చిందంటే నాయిక మనసు వేరే చెప్పక్కర్లేదు.

తొడిమ:

మూడో ప్రశ్న మిగిలింది, బొమ్మల్లో తప్పులు. ఎక్కువగా కనబడేవి చెబుతాను.

తామరకూ కలువకూ తేడా పువ్వులో కంటే ఆకులో సులువుగా తెలుస్తుంది. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉంటుంది. కాడ ఆకు మధ్యలో అతుక్కుని, ఆకును చాలాసార్లు నీటి పైకి ఎత్తి పట్టుకుంటుంది. కలువాకు నీటి మీద తేలుతుంది, అంచు నుంచి కాడ దాకా చీలిక ఉంటుంది. తామర పువ్వు మధ్యలో తలకిందులైన శంకువు ఆకారంలో గింజల దిమ్మె ఉంటుంది, కలువకు అది ఉండదు. కలువాకు గీసి దాని మీద నీటి బొట్లు ముత్యాల్లా దొర్లుతున్నట్టు వేస్తుంటారు. ఆ గుణం తామరాకుది. ఆకు మీది అతి సన్నని బొడిపెలు, మైనపు పొర వల్ల నీరు అంటదు. "పద్మపత్రమివాంభసా" (నీటిలోని తామరాకులా) అన్న గీతావాక్యం నిలిచింది ఆ పొర మీదే, కాబట్టి ఆకు మారితే అర్థం కూడా పోతుంది. ఈజిప్టు పురాతన చిత్రాల్లో "లోటస్" అని పుస్తకాలు రాసేది నీలి కలువను. అక్కడ అది పొద్దున విచ్చుకునే పువ్వు కాబట్టి సూర్యుడికీ పునర్జన్మకూ గుర్తు.

అశోకం అనగానే నిటారుగా, కొమ్మలు కిందికి వాలి, సన్నగా పెరిగే నరమామిడి చెట్టును గీసేస్తారు. దాని పూలు లేతాకుపచ్చవి, ఆకుల మధ్య కనబడవు కూడా. కావ్యాల అశోకం మధ్యరకం ఎత్తు చెట్టు, గుబురు ఎక్కువ, పూగుత్తులు పసుపు నారింజలో మొదలై ఎరుపుకు తిరుగుతాయి. అలాగే మరియ చిత్రాల లిల్లీని మనవాళ్లు లిల్లీ అని పిలిచే నేలసంపెంగలా వేయకూడదు. అది పొడవైన కాడ చివర ఆరు రేకులతో గంటలా విచ్చుకునే పెద్ద తెల్లపువ్వు, లోపల పసుపు పుప్పొడి తలలు బయటికి కనబడాలి.

ఇంకోటి, కాలానికి లేని పూలు. బంతి, నేలసంపెంగ, దేవగన్నేరు, కాగితంపూలు, చంద్రకాంత, పొద్దుతిరుగుడు ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. శకుంతల కొప్పులో దేవగన్నేరు పెడితే వెయ్యేళ్ల తప్పు. ఆమెకు ఏ పువ్వు పెట్టాలో కాళిదాసే చెప్పాడు. ఆరో అంకంలో దుష్యంతుడు శకుంతల బొమ్మ వేసుకుని, ఇంకా ఏమేం వేయాలో విదూషకుడికి చెబుతాడు: చెవికి దిరిసెన పువ్వు పెట్టలేదు, దాని కేసరాలు చెక్కిలి దాకా వేలాడాలి అంటాడు. దిరిసెన పువ్వును దగ్గరగా చూస్తే రేకుల కంటే పొడవుగా, పట్టుపోగుల్లాంటి కేసరాలే కుచ్చులా కనబడతాయి. రేకులున్న గుండ్రటి పువ్వు గీస్తే ఆ కేసరాలు చెక్కిలికి చేరవు. వేసవి పువ్వు, అతి సుకుమారానికి కవులు చెప్పే పువ్వు. నాటకం మొదట్లో నటి పాడే గ్రీష్మగీతంలోనూ స్త్రీలు దీన్నే చెవిన పెట్టుకుంటారు. మీ ఆరు బొమ్మల్లో ఇది ఒకటి కావాలని నా కోరిక.

రేకులు_రంగులు:

దిరిసెన తప్పకుండా ఉంటుంది. ఇక చివరిగా ఒకటి. ఇన్ని వివరాలు పెడితే వ్యాసం జాబితాగా మారిపోతుందేమో అనిపిస్తోంది. ఒక్కో పువ్వుకు పేరా ఎలా కట్టాలి?

గోడబొమ్మ:

జంటలుగా కట్టండి. ఒకే పువ్వు, రెండు చోట్లు. పొద్దుతిరుగుడుతో చూపిస్తాను.

వాన్ డైక్ సుమారు 1632-33లో వేసుకున్న స్వీయచిత్రంలో పెద్ద పొద్దుతిరుగుడు పువ్వు ఉంది. ఒక చేతి వేలు పువ్వు వైపు, మరో చేయి ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ ఇచ్చిన బంగారు గొలుసు మీద. పువ్వు సూర్యుణ్ని చూస్తుంది, చిత్రకారుడు రాజును చూస్తున్నాడు. విధేయత అన్న అర్థం పువ్వు ఒక్కదాని వల్ల రాలేదు, రెండో చేయి గొలుసును పట్టుకోవడం వల్ల వచ్చింది. వాన్ గో 1888 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేసిన కుండీ చిత్రాల్లో సూర్యుడు లేడు, మనిషీ లేడు. పూలు తలో దిక్కుకు ఉన్నాయి. కొన్ని విరిసినవి, కొన్ని రేకులు రాలి గింజలు పట్టినవి. చిత్రకారుడైన స్నేహితుడు గొగాన్ వచ్చి ఉండబోయే గది గోడకు వేసినవి. 1890లో విమర్శకుడు ఓరియేకు రాసిన ఉత్తరంలో తన పొద్దుతిరుగుడు చిత్రాలు కృతజ్ఞతను సూచించవచ్చని అన్నాడు. పాత విధేయత అర్థాన్ని ఇక్కడికి లాక్కురాలేం, తిరగడానికి సూర్యుడే లేడు కదా. ఇంకో జాగ్రత్త: ఈ మొక్క ఐరోపాకు 16వ శతాబ్దంలో వచ్చింది. గ్రీకు, రోమను కథల్లో సూర్యుడి వైపు తిరిగే పువ్వుగా మారిన క్లైటీని పొద్దుతిరుగుడుగా వేయకండి.

పేరాలో ముందు కంటికి కనబడేది రాయండి: ఎన్ని పూలు, ఏ దశ, ఎక్కడ, ఎవరి దగ్గర. తర్వాత ఆ కాలం వాళ్లకు తెలిసిన వాడుక. ఆ తర్వాత ఈ చిత్రం ఆ వాడుకను పాటించిందా, పక్కకు జరిపిందా, తిరగేసిందా. అర్థం చివర్లో రావాలి. మొదటి వాక్యంలోనే "పొద్దుతిరుగుడు విధేయతకు చిహ్నం" అని రాస్తే మిగతా పేరా అంతా దాన్ని సమర్థించుకోవడంతోనే సరిపోతుంది.

పద్యపాదం:

గోడబొమ్మ గారి జంటల సూచనతో మీ ఆరు బొమ్మలు మూడు జంటలవుతాయి. కుటజం (మేఘానికి అర్ఘ్యంగా, కోయిల వదిలేసినదిగా), కార్నేషన్ (చేతిలో ఒకటి, గ్లాసులో మూడు), అశోకం (మాళవిక పాదం ఆనినప్పుడు, ఏ పాదమూ లేకుండా బోదె నుంచి పూసినప్పుడు). దిరిసెనకు చోటు కావాలంటే వ్యాసం మొదటి పేజీకి వేయండి. తామరకు జంట కావాలనుకుంటే చైనా రచయిత జౌ దున్‌యీ (1017-1073) తామర మీద రాసిన చిన్న వచనం ఉంది. చామంతిని ఏకాంతవాసిగా, పియొనీని ధనవంతుడిగా, బురద నుంచి లేచినా మలినం అంటని తామరను సజ్జనుడిగా చెప్పాడు. దాన్ని సుమతీ తామర పక్కన పెట్టొచ్చు. ఒకచోట నేల మారితే పువ్వు చెడింది, ఒకచోట నేల ఎలాంటిదైనా చెడలేదు.

బొమ్మల కింద రాసే వాక్యంలో పువ్వు పేరు, రచన పేరు, ఘట్టం మాత్రం ఇవ్వండి. "పవిత్రత", "విరహం" లాంటి మాటలు అక్కడ వద్దు. జంటలోని రెండు బొమ్మలనూ ఒకే పరిమాణంలో, పువ్వును ఒకే కొలతలో వేయించండి. చూసేవాళ్ల కన్ను అప్పుడే పువ్వు పక్కనున్న వాటి మీదికి పోతుంది.